నల్లబల్ల మీద రంగు సుద్ద



పోయిన వేసవి సెలవులలో మా మనుమడు నాచేత లెక్కల పరీక్ష రాయించాడు. ఏళ్ళ తరబడి ఇతరులకు పరీక్షలు పెట్టినవాణ్ణి గదా, నాకూ సరదా వేసింది. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఎక్కాలు అడిగే ప్రోగ్రాం ఒకటి తానే రాశాడు. తెర చూస్తే అచ్చం మన బడిలోని నల్లబల్ల! బొమ్మలు లేవు, మీటలు లేవు, నల్లని తెరమీద వట్టి అక్షరాలు. ఇట్లాంటి తెరను టెర్మినల్ అంటారు.

"పదిహేడు పదమూళ్ళు ఎంత?" అని తెరమీద కనిపించింది. నేను 221 అని కొట్టాను. నా జవాబు ఆకుపచ్చగా మారింది. తరువాతి ప్రశ్నకు కావాలనే తప్పు చెప్పాను. అది ఎర్రబడింది. (కావాలనే చెప్పానంటే మనుమడు ఇంకా నమ్మడు.)

అప్పుడు నాకొక సందేహం కలిగింది. మీకూ కలగాలి. కంప్యూటరు లోపల అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. ఇంగ్లీషు పెద్దబడి 'ఏ'కు 65, 'బి'కి 66, ఇట్లా. ఎర్ర 'ఏ'కు వేరే అంకె లేదు, నీలం 'ఏ'కు వేరే అంకె లేదు. అన్నిటికీ అదే 65. మరి రంగు ఎక్కడ దాక్కున్నట్టు?

జవాబు చెప్పేముందు ఒక పాత సంగతి వినండి. ఒకసారి మా బడి వార్షికోత్సవానికి పిల్లలు నాటకం వేశారు. రాజు వేషం కట్టిన కుర్రవాడు వేదికమీదికి వచ్చి, "కోపంగా, ఎవరక్కడ! కత్తి దూసి, పలకరేం!" అని గట్టిగా అరిచాడు. సభంతా గొల్లున నవ్వింది. నాటకం పుస్తకంలో "కోపంగా", "కత్తి దూసి" అనే మాటలు కుండలీకరణాలలో ఉంటాయి. అవి పలకవలసిన మాటలు కావు, చేయవలసిన పనులు. పాపం, వాడు అన్నిటినీ కలిపి బట్టీ పట్టాడు.

కంప్యూటరు టెర్మినల్‌కు పంపే అక్షరాలలో కూడా ఇటువంటి కుండలీకరణమే ఒకటి ఉంది. అది 27వ అంకె. దాని పేరు ఎస్కేప్. మీ కీబోర్డులో ఎడమవైపు పై మూల ఉండే మీట పేరూ అదే. 27 రాగానే టెర్మినల్ చెవులు రిక్కిస్తుంది. "ఇక వచ్చేది రాయవలసింది కాదు, చేయవలసింది" అన్నమాట. దాని వెంట ఎడమ చదరపు బ్రాకెట్టు, ఆపైన 31, ఆపైన చిన్నబడి 'ఎమ్' వస్తాయి. ఎమ్ వచ్చేసరికి ఆజ్ఞ ముగిసింది. టెర్మినల్ వీటిలో ఒక్కటీ తెరమీద రాయదు. ఎర్ర సుద్ద చేతిలోకి తీసుకుంటుంది. ఆ తరువాత వచ్చే 65 ఎర్రని 'ఏ' అవుతుంది.

మనుమడు రాసినదాంట్లో 27 బదులు 033 అని ఉంది. "తప్పు రాశావురా" అన్నాను. "తప్పు కాదు తాతయ్యా, ఎనిమిదుల లెక్క" అన్నాడు. మూడు ఎనిమిదులు 24, మరో మూడు కలిపితే 27. సరిపోయింది! ఆ రోజు మార్కులు వాడికే.

31 అంటే ఎరుపు అని ఎవరు నిర్ణయించారంటారా? దీనిలో ఒక చక్కని లెక్క ఉంది. తెరమీద ప్రతి చుక్కలోనూ మూడు బుల్లి దీపాలు ఉన్నాయనుకోండి: ఎర్రది, ఆకుపచ్చది, నీలంది. ఎర్ర దీపానికి 1, ఆకుపచ్చకు 2, నీలానికి 4 అని విలువ కట్టారు. ఏ దీపాలు వెలిగితే వాటి విలువలు కూడి, దానికి 30 కలపాలి. ఒక్కటీ వెలగకపోతే 30, నలుపు. 31 ఎరుపు, 32 ఆకుపచ్చ. రెండూ వెలిగితే 33, అది పసుపుపచ్చ! రంగునీళ్ళలో ఎరుపూ ఆకుపచ్చా కలిపి చూడండి, బురదలాంటి రంగు వస్తుంది. వెలుగుల సంగతి వేరు. 34 నీలం. ఎరుపూ నీలమూ కలిస్తే 35, ముదురు గులాబీ. ఆకుపచ్చా నీలమూ కలిస్తే 36, లేత ఆకాశపు రంగు. మూడూ వెలిగితే 37, తెలుపు. 30కి బదులు 40 కలిపితే, మారేది సుద్ద రంగు కాదు, అక్షరం వెనకనున్న బల్ల రంగు. ఆ తరువాత 256 రంగులూ, కోటి అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులూ వచ్చాయి గాని, నాకు ఈ ఎనిమిదే ముద్దు.

ఒక్క అంకె మాత్రం మరిచిపోకూడదు: సున్న. సున్నతో ఆజ్ఞ పంపితే "చేతిలో రంగు సుద్ద కింద పెట్టు, మామూలు సుద్ద తీసుకో" అని అర్థం. మొదటిరోజున మనుమడు దానిని మరిచాడు. తప్పు జవాబు ఎర్రబడింది సరే, తరువాతి ప్రశ్న ఎరుపు, దాని జవాబు ఎరుపు, ప్రోగ్రాం ముగిశాక కొట్టిన అక్షరాలూ ఎరుపే! వాళ్ళమ్మ చూసి కంప్యూటరుకు ఏదో జబ్బు చేసిందనుకుంది. జబ్బూ లేదు గిబ్బూ లేదు, సున్న లేదు, అంతే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ఈ అక్షరాలను టెర్మినల్‌కు కాక ఫైలులోకి పంపితే, అక్కడ ఆజ్ఞ పాటించేవారెవరూ ఉండరు. బ్రాకెట్లూ 31లూ ఎమ్‌లూ పిచ్చి రాతలై జవాబుల నడుమ కనిపిస్తాయి. మన రాజుగారు "కోపంగా, ఎవరక్కడ" అన్నట్టే గదా! అందుకే తెలిసినవారు, తమ మాటలు వెళ్ళేది టెర్మినల్‌కా కాదా అని ముందు కనుక్కుని, ఆ పిమ్మటే రంగులు వేస్తారు.

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1978లో అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ వీటీ 100 అనే టెర్మినల్ తయారు చేసింది. దానికి రంగులు లేవు. అక్షరాన్ని చిక్కగా చూపడం, కింద గీత గీయడం, మిణుకుమనిపించడం, తిరగవేసి చూపడం, ఇవే దాని విద్యలు. దాని తెర మీ గళ్ళ నోటుపుస్తకం వంటిది: 24 వరసలు, వరసకు 80 గళ్ళు, గడికి ఒక అక్షరం. మొత్తం 1,920. (మన తెలుగు అక్షరాలు వత్తులతోనూ గుణింతాలతోనూ ఈ గళ్ళలో ఇమడక నేటికీ తరచు చెదిరిపోతుంటాయి. అదొక పెద్ద కథ.)

ఆ రోజులలో టెలిఫోను తీగలమీదుగా అక్షరాలు సెకనుకు ముప్ఫై చొప్పున వచ్చేవి. 1,920ని 30 పెట్టి భాగించండి. తెర నిండడానికి 64 సెకన్లు! ఒక్క అక్షరం మారినప్పుడల్లా బల్లంతా తుడిచి మళ్ళీ రాస్తే, చూసేవాడికి నిద్ర వస్తుంది. అందుకని 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో కెన్ ఆర్నాల్డ్ అనే ఆయన కర్సెస్ అనే ఉపకరణం రాశాడు. అది పాత తెరనూ కొత్త తెరనూ మనసులో పోల్చి చూసుకుని, మారిన గళ్ళను మాత్రమే తిరిగి రాస్తుంది. అయిదో వరస పదో గడికి వెళ్ళమని చెప్పడానికి కూడా ఎస్కేప్ ఆజ్ఞే ఉంది: బ్రాకెట్టు, 5, సెమీకోలన్, 10, పెద్దబడి 'హెచ్'.

ఇక అసలు సంగతికి వస్తాను. మనుమడి స్నేహితుడొకడు ఒక మధ్యాహ్నం ఈ ఎక్కాల ఆట ఆడాడు. ఆడుతూ ఆడుతూ, "ఒరే, నేను చెప్పింది ఒప్పా, తప్పా? చెప్పదేం ఇది?" అన్నాడు. "కనిపించటం లేదూ? ఎర్రగా వచ్చింది!" అన్నాడు మావాడు. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అన్నాడు వాడు. హాస్యానికి అనలేదు. వాడికి నిజంగానే ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా తెలియవు.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ పేరు మీరు చదివే ఉంటారు. ఆయన కళ్ళూ ఇట్లాంటివే. 1794లో మాంచెస్టరులో తన చూపును గురించి తానే వ్యాసం చదివాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఉంటుందని ఊహించి, చనిపోయాక పరీక్షించమని చెప్పాడు. 1844లో చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటిని 1995లో పరిశోధించి, ఆకుపచ్చ వెలుగును పసిగట్టే పదార్థం ఆయనకు లేదని తేల్చారు. యూరపు సంతతి మగవారిలో సుమారు పన్నెండుగురికి ఒకరికి ఎరుపూ ఆకుపచ్చల తికమక ఉంటుంది. ఆడవారిలో చాలా అరుదు.

ఇది వినేసరికి నాకొక మొహం గుర్తుకు వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, చిత్రలేఖనం గంటలో ఒక కుర్రవాడు మామిడి ఆకులకు మట్టిరంగు వేశాడు. వెటకారం చేస్తున్నాడనుకుని బెంచీ ఎక్కించాను. వాడు ఏమీ అనలేదు. గంట కొట్టేదాకా ఆ బొమ్మ వంకే చూస్తూ నిలబడ్డాడు. వాడు చూస్తున్నదేమిటో నేను అడగలేదు.

ఆ సాయంత్రమే మనుమడు ప్రోగ్రాం విప్పి కూర్చున్నాడు. రంగులు తీసివేయలేదు. ఆకుపచ్చ జవాబు పక్కన "ఒప్పు" అనీ, ఎర్రదాని పక్కన "తప్పు" అనీ మాటలు చేర్చాడు. తప్పు జవాబును తిరగవేసి చూపే 7వ అంకె కూడా జోడించాడు. రంగు అక్కరలేనివారు ముందే వద్దని చెప్పే వీలు కూడా పెట్టాడు. నల్లబల్లమీద నీలం నా కళ్ళకు ఆనదని నేను ఫిర్యాదు చేస్తే, 34 ఉన్నచోటల్లా 36 వేశాడు.

మర్నాడు ఆ స్నేహితుడు మళ్ళీ వచ్చి ఆడాడు. పంతొమ్మిదో ఎక్కంలో రెండు తప్పులు చేశాడు. అవేవో ఈసారి ఎవరినీ అడగలేదు.