ఆధార్‌లో 63, కొండ లెక్కలో 78

ఆధార్ కార్డులో మా కొండ మీది ఒక ముసలమ్మ పుట్టిన తేదీ 1962 జనవరి 1, అంటే 2025 నాటికి 63 ఏళ్లు. మా ఏజెన్సీలో ముసలివాళ్లు చాలామంది జనవరి ఒకటినే పుట్టారు! క్యాంపులో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు మొహం చూసి ఒక అంకె వేశాడు, అదే ఖాయమైపోయింది. ఆవిడని అడిగితే వేరే లెక్క చెప్తుంది. "జోలాపుట్టు డేం కడతన్నప్పుడు నాను మేకలు కాసేదాన్ని నర్సమ్మా" అంటుంది. ఆ డేం నీళ్లతో మాచ్‌ఖండ్‌లో కరెంటు తీయడం 1955లో మొదలైంది. మేకలు తోలే పిల్లకి ఎంత లేదన్నా ఏడెనిమిదేళ్లు ఉండాలి కదా. అంటే 2025 నాటికి ఆవిడకి 78 అయినా ఉంటాయి.

నేను ఏఎన్‌ఎంగా 29 ఏళ్లు ఆ కొండల్లోనే తిరిగాను. చేరినప్పుడు విశాఖ ఏజెన్సీ, రిటైరై దిగేసరికి అల్లూరి సీతారామరాజు జిల్లా. కొండ ప్రాంతంలో 3,000 జనాభాకి ఒక సబ్‌సెంటరు అని రూలు. మైదానంలో అయితే 5,000. వినడానికి మాకే సుఖం అనిపిస్తుంది. కానీ నా 3,000 మంది 22 గూడేల్లో ఉండేవారు. సగం గూడేలకి రోడ్డు లేదు. గర్భిణులకి ఒక రిజిస్టరు, టీకాలకి ఒకటి, మలేరియా స్లైడ్లకి ఒకటి. ఏ నెల ఏ గడి ఖాళీగా ఉన్నా పైనుంచి ఫోను వచ్చేది. బీపీ, షుగరు సర్వేలు చాలా తర్వాత వచ్చాయి. అంతవరకూ ముసలివాళ్లు నా పుస్తకాల్లోకి వచ్చేది ఒక్క చోటే, మరణాల పేజీలో. కారణం అన్న గడిలో "వృద్ధాప్యం" అని రాసేవాళ్లం. నేనూ రాశాను. ఎన్నిసార్లు రాశానో లెక్క పెట్టుకోలేదు.

ఆ మాట తప్పని నాకు తెలిసింది ఈవిడ వల్లే. పన్ను కదులుతోందని చెప్తే నోరు తెరవమని టార్చి వేశాను. అంగిలి నిండా తెల్లగా మందపు పొర, అందులో ఆవగింజల్లా ఎర్రటి చుక్కలు, వెనకవైపు మానని పుండు. చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టి పీల్చే అలవాటు మా వైపు ఆడవాళ్లలో పాతదే. అడ్డపొగ అంటారు. కొండగాలికి చుట్ట ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అమ్మని చూసి కూతురు నేర్చుకుంటుంది. విశాఖ, శ్రీకాకుళం జిల్లాల అడ్డపొగ గురించి, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సరు గురించి డాక్టర్లు 1960లకి ముందునుంచే రాస్తూ ఉన్నారు. అరవై ఏళ్లకి పైగా తెలిసిన జబ్బు అది. అయినా నేను "వృద్ధాప్యం" అని రాసిన ముసలమ్మల్లో ఒక్కరి నోరైనా ముందు తెరిపించి చూడలేదు.

కోడలిని తోడిచ్చి పట్నం పెద్దాసుపత్రికి పంపాను. ఘాటీ దిగి నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం. ఆవిడ మాటలో సగం తెలుగు, సగం ఆదివాసీ ఒడియా. ఎప్పటినుంచి ఉందని డాక్టరు అడిగితే "చోళ్లు కోసినకాడి నుంచి" అందట, అంటే రాగులు కోసినప్పటి నుంచి. ఆయనకి అర్థం కాలేదు. ముక్క తీసి పరీక్షకి పంపాలి, ఎల్లుండి రండి అన్నారు. ఎల్లుండిదాకా ఎక్కడ పడుకోవాలి? రాత్రి బస్సుకే కొండెక్కేశారు. డబ్బు మాట కాదిది. ఉచిత చికిత్సకి వైద్యసేవ కార్డు ఆవిడ దగ్గర ఉంది. ఆ కార్డు పట్టుకుని ఆసుపత్రి చేరడం దగ్గరే దారి తెగుతోంది.

ఇక కన్ను సంగతి. ఆవిడ రెండు కళ్లకీ శుక్లాలు. కుడి కంట్లో పాలచుక్క వేసినట్టు తెల్లగా కనబడుతుంది. బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుతుంది. చోడి అంబలి కుండలో ఎంత ఉందో గరిటె తగిలే చప్పుడుతో చెప్తుంది. ఒక నెల పింఛను రోజున నేనూ అక్కడే ఉన్నాను. యంత్రం మీద వేలు పెట్టింది, ముద్ర పడలేదు. జన్మంతా పసుపు, పిప్పళ్లు పండించిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. కన్ను పెట్టమన్నారు, అదీ పడలేదు. ఆఖరికి మొహం ఫొటో తీసి డబ్బులిచ్చారు. వచ్చిన కుర్రాడు మంచివాడే, నోట్లు లెక్కపెట్టి చేతిలో ముడిచి మరీ ఇచ్చాడు. యంత్రం ఆ కన్నుని గుర్తుపట్టలేదు సరే. కన్నుకి ఏమైందని అడగడం మాత్రం అక్కడ ఎవరి పనీ కాదు.

మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను అందరికీ 60కి, గిరిజనులకి 50కే. కొండ మీద మనిషి పదేళ్లు ముందే ముసలివాడవుతాడని ప్రభుత్వమే రాసి ఒప్పుకుందన్నమాట. వైద్యం దగ్గరికొచ్చేసరికి ఆ ఒప్పుకోలు ఏమైందో తెలీదు. వృద్ధుల ఆరోగ్యానికి పెట్టిన జాతీయ కార్యక్రమం 60 దాటితేనే. 2024 అక్టోబరులో మొదలైన వయ వందన కార్డు 70 దాటితే. ఆధార్ ప్రకారం మా ముసలమ్మ దానికి 2032 దాకా ఆగాలి. 2023లో మొదలైన సికిల్‌సెల్ పరీక్షలైతే 40తో సరి. పుట్టబోయే పిల్లల కోసం పెట్టిన హద్దు అయ్యుంటుంది, కాదనను. కానీ 50 ఏళ్ల గిరిజనుడికి డబ్బులిచ్చే వయసు వచ్చి, డాక్టరు ముసలివాడిగా చూసే వయసు రాకపోవడం ఏం న్యాయం?

నేను కొత్త పథకం అడగడం లేదు. కొత్త ఉద్యోగాలూ అడగను, పాతవే భర్తీ కావడం లేదు. 2024 జూలై నుంచి 4,000 రూపాయలైన పింఛనుని ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. గర్భిణి ఉన్న ఇంటికి నేను వెళ్లేదాన్ని, పిల్లలున్న ఇంటికి అంగన్‌వాడీ వెళ్లేది. ముసలివాళ్ల గడపకి నెలనెలా సర్కారు మనిషి వెళ్లడం నా సర్వీసు మొదట్లో ఎరగను. ఆ నడక వృథా కాకూడదు. డబ్బు ఇచ్చాక అయిదు నిమిషాలు కూర్చోమనండి. గుమ్మం దగ్గర నిలబడి ఎన్ని వేళ్లు చూపిస్తున్నాడో చెప్పమని అడగాలి. నోరు తెరిపించి టార్చి వేయాలి. ఈ నెల ఎక్కడైనా పడ్డావా అని అడగాలి. దీనికి నర్సు చదువు అక్కర్లేదు. తేడా కనబడితే ఆ పేరు ఏఎన్‌ఎంకి ఇవ్వాలి, ఆమె ఆ ఇంటికే వెళ్తుంది. ఇరవై రెండు గూడేల్లో ఏ ఇంటికి వెళ్లాలో తెలియక తిరగడం కన్నా అది చాలా తేలిక. నేను తిరిగాను కాబట్టి చెప్తున్నాను. పట్నం పంపేటప్పుడు రెండు రాత్రులు పడుకోవడానికి చోటు, వాళ్ల మాట తెలిసిన ఒక మనిషి, ఈ రెండూ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ చూసుకోవాలి.

మొన్న వెళ్లినప్పుడు మళ్లీ పట్నం వెళ్దామా, నేను తోడొస్తాను అన్నాను. "ఇంకేటి సూడాల నర్సమ్మా, సూసిందంతా సూసేసినాను" అని నవ్వి చుట్ట తిప్పి నోట్లో పెట్టుకుంది. ఒప్పిస్తాను, నాకు టైముంది.

ఆవిడ ఇల్లు రోడ్డుకి రెండు కిలోమీటర్లు. ఒకటో తారీఖున ఎలాగూ ఒక మనిషి అక్కడికి నడిచి వెళ్తున్నాడు. అతని సంచిలో ఒక టార్చిలైటు పెట్టి పంపండి.