చికిత్సలోనున్న బిడ్డకు ఆటపాటలు

ఈ మాసమున మేము వ్రాయబూనిన విషయము తల్లుల మనస్సునకు కష్టము కలిగించునదే యైనను వ్రాయక తప్పదు. క్యాన్సరను పేరు వినినంతనే పెద్దలకే గుండె జారును. అది బిడ్డకు వచ్చినచో ఆ యింటి దుఃఖము చెప్పనేల? అట్టి బిడ్డను మంచము దిగనీయక, మంచినీళ్లకైనను లేవనీయక కాచుకొనుట తల్లికి సహజము. చూడవచ్చిన చుట్టములును “పడుకోనియ్యమ్మా, నలిగిపోయినాడు” అని హితవు చెప్పుదురు. ఈ ప్రేమయే మితిమీరినచో బిడ్డ కాళ్లకు సంకెల యగునని మా మనవి.

బిడ్డలకు వచ్చు క్యాన్సరులలో మిక్కిలి తఱచైనది రక్తక్యాన్సరు. ఒకప్పుడిది వచ్చిన బిడ్డ కొలది వారములలోనో మాసములలోనో గతించుచుండెను. 1948లో అమెరికాయందలి బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరను వైద్యుడు అమినోప్టెరిన్ అను మందునిచ్చి, 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము కనబడెనని ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే యైనను అదియే తొలి వెలుగు. ఆ మందును సిద్ధపరచిన పరిశోధకులకు నాయకులు 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు సంపన్నదేశములలో క్యాన్సరు వచ్చిన బిడ్డలు నూటికి 80 మందికి పైగా స్వస్థులగుచున్నారు. మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములవారికి విశాఖపట్టణము చెంత అగనంపూడిలో టాటా సంస్థవారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి 2014 నుండి కలదు. కావున బిడ్డ బ్రదుకునా యను ప్రశ్నతోపాటు, బ్రదికిన బిడ్డ తన కాళ్లపై బడికి నడచునా యను ప్రశ్నయు నిప్పుడు మనముందు నిలిచినది.

రక్తక్యాన్సరు చికిత్స తఱచుగా రెండు మూడేండ్లు సాగును. అందు వాడు వింక్రిస్టిన్ అను మందు మన పెరటి బిళ్లగన్నేరునుండియే లభించును. (అట్లని ఆకు నూరి పోయుదురేమో! అది విషతుల్యము.) ఈ మందు వలన నరములు మొద్దుబారి, పాదము పైకి లేవక వ్రేళ్లు నేలకు రాచుకొనవచ్చును, చేతివ్రేళ్లకును పట్టు తప్పవచ్చును. స్టెరాయిడు మందులు తొడల కండను కరగించి ఎముకలను పలుచన చేయును. వీనికి తోడు రేయింబవళ్లు పడకయే యైనచో ఉన్న కండయు నశించును. పీటపై కూర్చున్న బిడ్డ చేయూత లేక లేవజాలకున్నను, నడకలో కాలీడ్చుచున్నను తల్లి వెంటనే గుర్తించి వైద్యునకు చెప్పవలెను.

వ్యాయామమనగానే మన ప్రాంతమువారికి వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామము నేర్పి, రొమ్ముపై ఏనుగును నిలిపిన కోడి రామమూర్తి నాయుడుగారు స్ఫురింతురు. మేము చెప్పునది అట్టి సాధన కాదు. శాస్త్రము నెఱిగిన పెద్దలు “వాగ్భటుడు బాలురకు వ్యాయామము వలదనెను గదా” యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని శరీరమునకు ఆయాసము కలిగించు కర్మయే వ్యాయామమని సుశ్రుతుని నిర్వచనము. బిడ్డ యింటిలో నడచుట, బంతి విసరుట అట్టి ఆయాసము కాదు. బలవంతుడైనను సగము శక్తి మేరకే శ్రమింపవలెనని ఆ వాగ్భటుడే చెప్పిన మాట మనకిక్కడ శిరోధార్యము. 2021లో పలుదేశముల నిపుణులు కూడి ప్రకటించిన సూత్రములును, క్యాన్సరు చికిత్సలోనున్న బిడ్డలందఱికిని కదలిక ముఖ్యమనియే చెప్పుచున్నవి.

ఇక చేయదగినవి. మొదట చికిత్స చేయు వైద్యుని, ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టును అడిగి, మీ బిడ్డకు తగినవేవో తెలిసికొనుడు. వారు సరేయన్నచో, ఓపిక లేని దినమున పడకపైనే పాదములను పైకిని క్రిందికిని ఆడించుట, గాలిబుడగను చేతితో ఎగురగొట్టుట చాలును. అచ్చనగండ్లు, వామనగుంటలు మొద్దుబారిన వ్రేళ్లకు మంచి పని కల్పించును. కొంచెము ఓపిక యున్న దినమున పీటపైనుండి లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి పిక్కలు సాగదీయుట, వసారాలో నాలుగడుగులు వేయుట మేలు. ఒక్కసారి అరగంట కంటె, అయిదేసి నిమిషములు పలుమారులు సుఖము. బిడ్డ మాటలాడుచు ఆడగలిగినంతవఱకే ఆట. మాటకు ఊపిరి చాలనిచో ఆపవలెను.

చేయరానివియు కలవు. జ్వరము వచ్చినచో ఆట మాట విడిచి, తెల్లవారువఱకైనను ఆగక ఆసుపత్రికి తెలుపవలెను. రక్తములో ప్లేట్‌లెట్లు తగ్గి ఒంటిపై నీలపు మచ్చలు, చిగుళ్లనుండి రక్తము కనబడినపుడును వెంటనే వైద్యునకు చెప్పవలెను. పడుటకు, తగులుటకు వీలైన ఆటలు అప్పుడు కూడవు. తొక్కుడుబిళ్ల, పరుగుపందెము వైద్యుడు సరేయన్న పిమ్మటనే. ఎముకలో వ్యాధి యున్నను, ఎముక నొప్పి పుట్టినను కాలిపై బరువు మోపించుటకు ముందు అడుగవలెను. ఱొమ్మున మందుగొట్టము అమర్చిన బిడ్డను చెఱువులో దింపరాదు. తెల్లకణములు తగ్గియున్న దినములలో సిరిమానోత్సవపు జనసమ్మర్దమునకు తీసికొనిపోరాదు.

మా యింట ఉపాధ్యాయవృత్తి యగుటచే మఱియొక మాట. చికిత్స ముగించి బడికి మరలివచ్చిన బిడ్డను ఆటల గంటలో మూల కూర్చుండబెట్టుట దయగా తోచును గాని, తోడిపిల్లల నడుమ ఆ బిడ్డకు అది వెలివేతయే. పరుగెత్తజాలనిచో లెక్క పెట్టనిండు, బంతి అందీయనిండు. ఆటలో చోటు మాత్రము తీయకుడు.

తల్లులారా! మందునిచ్చుట వైద్యుని వంతు. దినదినమును బిడ్డ చేయి పట్టుకొని మంచము దింపి నాలుగడుగులు నడిపించుట మన వంతు. నేడు రెండడుగులే వేసినచో కోపపడకుడు. రేపు మరల చేయి చాపుడు.