అర్జీ ఎవరి దగ్గర ఆగింది?

కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణిలో ఇచ్చే అర్జీ ఒక్క అధికారికి రాసుకున్న ఉత్తరం కాదు. పలు శాఖలు కలిసి చూడాల్సిన ఉమ్మడి ఇన్‌బాక్స్‌లోకి చేరే సందేశం. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ వైపు నుంచి వచ్చే పోడు పట్టా అర్జీనే తీసుకోండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దానికి గ్రామసభ తీర్మానం కావాలి, ఆపై సబ్‌ డివిజన్, జిల్లా కమిటీలు పరిశీలించాలి. ఆ కమిటీల్లో రెవెన్యూ, అటవీ, గిరిజన సంక్షేమ శాఖలు మూడూ ఉంటాయి. అలాంటి కాగితానికి ‘రెవెన్యూ’ అని ఒక్క ముద్రే వేసి వడపోస్తే, మిగతా రెండు శాఖల కంప్యూటర్లలో అది కనిపించనే కనిపించదు. కాబట్టి ఒక అర్జీకి ఎన్ని శాఖల పేర్లయినా జతచేసే వీలుండాలి. ‘ఎవరికీ అప్పగించనివి’, ‘గడువు దాటినవి’, ‘మరో శాఖ జవాబు కోసం ఆగినవి’ విడివిడిగా తీసి చూడగలగాలి. ఒకే సర్వే నంబరుపై మళ్లీ మళ్లీ వచ్చినవన్నీ ఒక్కచోట చేరాలి. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని ఆదిలాబాద్ దాకా వచ్చిన రైతుకు ‘పరిశీలనలో ఉంది’ అంటే సరిపోదు. తన కాగితం ఏ అధికారి దగ్గర, ఎన్నాళ్లుగా ఉందో తెలుసుకోవడం ఆయన హక్కు.