ఉసిరికాయంత చోటు

మైలవరం నుంచి విజయవాడ వెళ్లి ఎంఆర్ఐ గొట్టంలో పడుకున్న మనిషికి తెలిసేది బొమ్మ సంగతే. అదే యంత్రం మెదడులోని రసాయనాల ఆనవాళ్లూ పట్టిస్తుంది. దాన్నే స్పెక్ట్రోస్కోపీ అంటారు.

కిటుకంతా చోటు ఎంపికలో ఉంది. మామూలుగా 2 సెం.మీ. భుజమున్న ఘనాన్ని, అంటే 8 మి.లీ., ఓ ఉసిరికాయంత భాగాన్ని ఎంచుకుంటారు. పుర్రె అంచు తగిలితే కొవ్వు సంకేతం వచ్చి కలుస్తుంది. ముక్కు పక్కనుండే గాలి గదులు దగ్గరైతే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది. దాన్ని సమం చేయడమే షిమ్మింగ్. ఆపైన నీటి సంకేతాన్ని అణచాలి. మిగతావాటికన్నా అది వేల రెట్లు పెద్దది మరి! తిరునాళ్ల మైకు పక్కన గుసగుస వినడం లాంటి పని ఇది. సంకేతాన్ని పట్టడానికి ఆగే వ్యవధిని, అంటే ఎకో టైమ్‌ని, 30 మిల్లీసెకన్లు పెడితే ఎక్కువ రసాయనాలు కనిపిస్తాయి. 144 పెడితే గ్రాఫు గీత తేటగా వస్తుంది, లాక్టేట్ ఉంటే తలకిందులుగా దిగుతుంది.

ఆ గ్రాఫులో 2.0 పీపీఎం దగ్గర ఎన్ఏఏ అనే రసాయనం, 3.2 దగ్గర కోలిన్. నడుమ 3.0 దగ్గరి శిఖరంలో క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కలిసే ఉంటాయి.

ఆ రెండోదాన్ని 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంచిక ముఖచిత్రం మీదున్నది ఆ శిఖరమే.