ఆ బిల్లు రాసింది ప్లంబరు కాదు

"ప్లంబర్లంతా దొంగలు" అన్న మాట మీద ఉన్నంత ఏకాభిప్రాయం మన అపార్ట్‌మెంట్లలో మరి దేనిమీదా కనిపించదు. మెయింటెనెన్స్ డబ్బుల దగ్గర కొట్టుకునేవాళ్లు, పార్కింగు గొడవతో పలకరింపులు మానేసినవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి ఒక్కటైపోతారు. అయిదు నిమిషాల పనికి అయిదొందలు అడిగాడట. వాషరుతో పోయేదానికి ట్యాపే మార్పించాడట. కాస్త చెమ్మ ఉందంటే గోడంతా పగలగొట్టి పోయాడట. ఈ ఫిర్యాదులన్నిటి వెనకా ఒకటే నమ్మకం: రిపేరు ఖర్చు పెరిగేది రిపేరు చేసేవాడి ఆశ వల్ల. అతన్ని ఎంత గట్టిగా బేరమాడితే మనకు అంత మిగులు. ఈ నమ్మకం తప్పు. పైగా మన ఖర్చు పెంచుతున్నవాటిలో ఇదీ ఒకటి.

ముందు ఆ అయిదు నిమిషాల సంగతి చూద్దాం. యాంగిల్ కాక్ మార్చడానికి నిజంగానే అయిదు నిమిషాలు చాలు. కానీ అంతకుముందు అతను ట్రాఫిక్‌లో పడి రావాలి, చూడాలి, సైజు పోల్చుకుని హార్డ్‌వేర్ షాపుకు పోవాలి, అక్కడ లేకపోతే ఇంకో షాపు వెతుక్కోవాలి, తిరిగొచ్చి బిగించాలి. మన కంటపడేది బిగించడం ఒక్కటే. అయినా నేను ప్లంబరు మీద జాలి పడమని అడగడం లేదు. రిపేరు ఖర్చులో పెద్ద వాటా అతని కూలిది కానే కాదంటున్నాను. ఆ పెద్ద వాటా ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడే గోడల్లో పూడ్చిపెట్టినదాని ఖరీదు.

బాత్‌రూమ్ గోడకు అవతల, బెడ్‌రూమ్ వైపు పెయింటు ఉబ్బి పొరలుగా రాలుతోందనుకుందాం. ఆ నీళ్లు ఎక్కడివి? గోడలో చన్నీళ్ల లైను ఉంది, గీజరు నుంచి దిగే వేన్నీళ్ల లైను ఉంది, డైవర్టరు ఉంది. కింద నహానీ ట్రాపు ఉంది. పై ఫ్లాటువాళ్ల డ్రైనేజీ పైపు ఉండనే ఉంది. పని తెలిసినవాడు ముందే సుత్తి తీయడు. లైను వాల్వు కట్టేసి, ఒక ట్యాపు ఊడదీసి, ఆ పాయింటుకు చేతిపంపు తగిలించి, లోపలికి నీళ్లు ఎక్కించి ప్రెషర్ మీటరు ముల్లు చూస్తాడు. ముల్లు మెల్లగా పడిపోతోందంటే కారేది సప్లై లైను. గీజరు కనెక్షన్లు రెండూ విప్పి ప్లగ్గులు కొట్టి, చన్నీళ్లకూ వేన్నీళ్లకూ విడివిడిగా మళ్లీ అదే పరీక్ష చేస్తాడు. ముల్లు కదలకపోతే సప్లై పైపుల తప్పు లేదు. అప్పుడు ట్రాపు మూసేసి, ఫ్లోరు మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, పొద్దున్నే కింద ఫ్లాటు సీలింగు చూడాలి. రాత్రంతా నీళ్లు నిలబెట్టడం కాక, ఇదంతా ఒక పూట, ఒక్కోసారి రెండు పూటలు పడుతుంది. ఈ పనికి మనలో ఎంతమంది డబ్బిస్తారు? "ఊరికే చూసి పోయావుగా, చూసినందుకు కూడా డబ్బులా?" అంటాం.

పోనీ ఆ పరీక్ష చేయడానికైనా ఇల్లు వీలుగా ఉందా? చాలా అపార్ట్‌మెంట్లలో డాబా మీది ట్యాంకు నుంచి దిగిన ఒక్క పైపే, ఒకదాని కింద ఒకటిగా ఉన్న అయిదంతస్తుల బాత్‌రూములకూ నీళ్లిస్తుంది. ఫ్లాటుకో వాల్వు ఉండదు. ఉన్నా, ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటుంది. ఒకరింట్లో ఎల్బో మార్చాలంటే అయిదిళ్లకు నీళ్లు కట్టాలి. వాచ్‌మన్ అయిదు తలుపులూ తట్టి చెప్పాలి. ఆఫీసుల హడావుడి తగ్గాక పదకొండింటికి కట్టేసిన నీళ్లు సాయంత్రానికల్లా వదలకపోతే ఫోన్లు మొదలవుతాయి. సీపీవీసీ పైపుకు సొల్యూషన్ పూసి అతికించిన జాయింటు ఆరడానికి వ్యవధి కావాలి. అది ఆరకముందే నీళ్లు వదిలిస్తే, ఆరు నెలల తర్వాత అక్కడే మళ్లీ చెమ్మ. తిట్లు మాత్రం ప్లంబరుకే. ఫ్లాటుకో బాల్ వాల్వు పెట్టి ఉంటే ఈ తంతే ఉండేది కాదు. కట్టేటప్పుడు మిగుల్చుకున్న ఆ కాస్త డబ్బును ప్రతి రిపేరులోనూ వడ్డీతో కడుతున్నాం.

ఇక గోడ పగలగొట్టడం. పైపు ఏ ఎత్తులో పోతోందో, ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పే డ్రాయింగు ఎన్ని ఇళ్లలో ఉంది? బిల్డరు వేయించాడో లేదో తెలియదు. వేయించినా మన చేతికి రాలేదు, మనమూ అడగలేదు. దాంతో వెతుకులాటంతా ఉలితోనే సాగుతుంది. టైలు పగిలాక దానికి జోడు దొరకడం ఇంకో యజ్ఞం. ఆ డిజైను కంపెనీ ఎప్పుడో ఆపేసి ఉంటుంది. దొరికినా బ్యాచ్ మారి రంగు ఒక వాసి తేడాగా ఉంటుంది. కనపడే గోడ కదా అని చివరికి వరుసంతా, లేదా గోడంతా మారుస్తాం. టైల్స్ మేస్త్రి, వాటర్‌ప్రూఫింగ్, గ్రౌటింగు, అవతలి గదికి పెయింటింగు, చెత్త దింపే మనిషి. ఈ మొత్తాన్ని కూడి "ప్లంబింగుకు ఇంతయింది" అని అందరికీ చెప్పుకుంటాం. పైపు ముక్క, ఎల్బో, ప్లంబరు కూలి ఇందులో ఏ మూలకు?

ఇక్కడ చట్టం మన వైపే ఉంది. రియల్ ఎస్టేట్ రంగాన్ని నియంత్రించే రెరా చట్టం, 2016లోని 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణంలోగానీ, పనితనంలోగానీ, సేవల నాణ్యతలోగానీ లోపం బయటపడి మనం తెలియజేస్తే, ప్రమోటరు, అంటే బిల్డరు, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. 17వ సెక్షన్ ప్రకారం అవసరమైన పత్రాలు, ప్లాన్లు అసోసియేషన్‌కు అప్పగించాలి. రెరా కింద నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు కొని, మూడో ఏట గోడ చెమ్మగిల్లితే ముందు చేయాల్సింది బిల్డరుకు లిఖితపూర్వకంగా నోటీసివ్వడం. "గృహప్రవేశం అయిపోయాక బిల్డరుకేం సంబంధం" అనుకుని ప్లంబరును పిలిచి, అతనితో వందకూ రెండొందలకూ పేచీ పడుతున్నాం. లక్షల్లో లావాదేవీ చేసినవాడి దగ్గర నోరు మెదపకుండా రోజుకూలీ దగ్గర ప్రతాపం చూపడం మనకు తేలిక.

"వాషరుతో పోయేది" అన్న ఆరోపణకు వద్దాం. వెనకటి ఇత్తడి ట్యాపుకు రబ్బరు వాషరు ఉండేది. అది అరిగితే ఏ చిన్న హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికేది. ఇప్పుడు మనం ముచ్చటపడి కొంటున్న పావుచుట్టు ట్యాపుల్లో వాషరు లేదు. పింగాణీ బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి జరిగే కార్ట్రిడ్జ్ ఉంటుంది. సన్నని ఇసుక రేణువు పడి బిళ్ల గీసుకుపోతే కార్ట్రిడ్జే మార్చాలి. అది కంపెనీకొక రకం, మోడలుకొక కొలత. కంపెనీ ఆ మోడలు ఆపేస్తే ట్యాపు మార్చక తప్పదు. డైవర్టరైతే బాడీ గోడలోనే ఉంటుంది కాబట్టి టైలు కూడా లేస్తుంది. షోరూములో మెరుపు చూశాం, విడిభాగం పదేళ్ల తర్వాత దొరుకుతుందా అని అడగలేదు. అడగనిదాని మూల్యం ప్లంబరు నోట వినాల్సి వచ్చేసరికి అతనే దొంగ అయ్యాడు.

"పెద్ద కంపెనీది పెడితే పదేళ్లు చూడక్కర్లేదు" అనే భరోసా కూడా నీళ్ల ముందు నిలవదు. హైదరాబాదులో జలమండలి నీళ్లు చాలక ఎన్నో కాలనీలు బోర్లమీదా ట్యాంకర్లమీదా బతుకుతున్నాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్ల దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. ఆ 600 లెక్కే తీసుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంట్లో 540 లీటర్లు వాడితే, ఆ పైపుల్లోంచి రోజుకు 324 గ్రాముల సున్నం సరుకు ప్రవహిస్తోంది. ఏడాదికి దాదాపు 118 కిలోలు. చాలావరకు నీళ్లతోపాటే పోతుంది. నీళ్లు కాగినచోటా, ఆరినచోటా మాత్రం తెల్లగా గట్టిపడి కూర్చుంటుంది. గీజరు కాయిలు మీద గార కడుతుంది, షవరు కన్నాలు మూసుకుపోతాయి. ఏ బ్రాండైనా ఈ సున్నానికి లొంగాల్సిందే. ఒకే ట్యాపు కృష్ణా నీళ్లొచ్చే ఇంట్లో ఒకలా, బోరు నీళ్ల ఇంట్లో ఒకలా పాడవుతుంటే, తేడా ప్లంబరులో ఎలా ఉంటుంది?

ఫోనులో రేటు చెప్పడని ఇంకో కోపం. ఎలా చెబుతాడు? పాత ఇళ్లలో జీఐ పైపులు లోపల తుప్పుతో సగం పూడిపోయి ఉంటాయి. ఒక నిపుల్ విప్పబోతే పక్క మరలు పొడిపొడిగా రాలుతాయి. కొత్త ఇళ్లలో ఇంకో చిక్కు. అర అంగుళం సీపీవీసీ, అర అంగుళం యూపీవీసీ పేరుకు ఒకటే సైజు, బయటి కొలత వేరు. ఒకదాని ఫిట్టింగు రెండోదానికి సరిపోదు. కట్టినవాడు ఎక్కడ ఏది వాడాడో, వేన్నీళ్లకు పనికిరాని యూపీవీసీని గీజరు లైనులో కూడా ఇరికించాడో, తెరిచి చూస్తేగానీ తెలియదు. ఇలాంటి గోడకు ముందే ఖచ్చితమైన రేటు చెప్పేవాడినే అనుమానించాలి. వాడు ఎక్కువైనా కలిపి చెప్పి ఉంటాడు, సగంలోనైనా వదిలేసి పోతాడు.

మరి మోసం చేసేవాళ్లు లేరా? ఉన్నారు. బాగున్న సామాను మార్చేవాళ్లు, హార్డ్‌వేర్ షాపులో కమీషన్ తీసుకునేవాళ్లు, నాసిరకం పెట్టి మంచి కంపెనీ రేటు వేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను వెనకేసుకు రావడం నా పని కాదు. కానీ ఆ కమీషన్ ఎందుకు పుట్టిందో అడగాలి. డాక్టరు నాడి చూసి, మందు అక్కర్లేదన్నా ఫీజు చేతిలో పెట్టి వస్తాం. ప్లంబరు వచ్చి చూసి, "ఏమీ మార్చక్కర్లేదు, ట్యాపు మూతిదగ్గర జాలీ మూసుకుపోయింది" అని కడిగి పెట్టి పోతే యాభై ఇవ్వడానికి మొహం ముడుచుకుంటాం. నిజం చెప్పినవాడికి పైసా దక్కదు, సామాను మార్చినవాడికే గిట్టుబాటు. తెలివికి రాని డబ్బు సామాను మీద కలుస్తుంది. మన బేరం దోపిడీని ఆపలేదు, దానికొక దొడ్డిదారి చూపించింది.

ఆ బేరానికి ఇంకో ఫలితం కూడా ఉంది, పని నేర్చినవాడు మనకు దూరమవుతాడు. దేశంలో ప్లంబింగుకు పేరుపడ్డ ప్రాంతం ఒడిశాలోని కేంద్రపడా జిల్లా. తరాలుగా అక్కడి కుర్రాళ్లు ఊళ్లు దాటిపోయి ఈ విద్యతోనే బతుకుతున్నారు. అక్కడి పట్టాముండాయిలో ప్లంబింగు నేర్పే ప్రభుత్వ సంస్థే ఉంది. అంటే ఇది నేర్చుకుంటే వచ్చే పని. ప్లాస్టిక్ ఎల్బోలో ఇత్తడి మరలకు టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు చుట్టాలో, రెంచి ఎక్కడ ఆపాలో చెయ్యికి తెలియాలి. ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే ఎల్బో లోపల వెంట్రుకవాసి చీలుతుంది. ఆ రోజు తెలియదు, నెలల తర్వాత గోడ చెబుతుంది. అందరికంటే తక్కువ అడిగినవాడినే పిలిచే అలవాటు, ఆ చెయ్యి ఉన్నవాణ్ణి మన గుమ్మం నుంచి పంపించేస్తుంది. అతను విల్లా ప్రాజెక్టుల్లో పనికి పోతాడు. మనకు కరెంటు, కార్పెంటరీ, ప్లంబింగు అన్నీ చేస్తానని చెప్పేవాడు మిగులుతాడు.

చివరిగా మన నిర్లక్ష్యం. సెకనుకు ఒక్క చుక్క కారే ట్యాపు రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. కింద బకెట్ పెట్టి నెలలు గడిపేస్తాం. కింద ఫ్లాటు సీలింగులో చెమ్మ కనిపిస్తే పైవాళ్లు "మాది కాదు" అంటారు, కిందివాళ్లు "మీ ఫ్లోరే పగలగొట్టాలి" అంటారు. ఆ వాదన తేలేలోపు నీళ్లు స్లాబులోని ఇనుముదాకా పోతాయి. ఇనుము తుప్పెక్కి ఉబ్బితే పెచ్చులూడతాయి. అప్పుడు వచ్చేది ప్లంబింగు బిల్లు కాదు, సివిల్ పని బిల్లు.

ఖర్చు తగ్గాలంటే చేయాల్సినవి ఉన్నాయి, అవేవీ గుమ్మం దగ్గర బేరంలో లేవు. ఇల్లు కడుతుంటే టైల్స్ వేయకముందు పైపులకు ప్రెషర్ టెస్టు చేయించి, ప్రతి గోడకూ కొలత టేపు పక్కన పెట్టి ఫొటో తీసి దాచండి. ఫ్లాటు కొంటుంటే డ్రాయింగు, ఫ్లాటుకో వాల్వు, మిగిలిన టైల్స్ పెట్టె ఒకటి ఇస్తేనే తాళాలు తీసుకోండి. అసోసియేషన్ సమావేశంలో బోరు నీళ్ల కాఠిన్యం పరీక్ష రిపోర్టు అడగండి. ప్లంబరు వస్తే చూసినందుకు ఇంత అని ముందే ఒప్పుకుని, ఏమీ మార్చకపోయినా ఆ మొత్తం చేతిలో పెట్టండి. సామాను మీరే కొనితెచ్చి బిల్లు దగ్గరుంచుకోండి. ఇంత చేశాక కూడా అతను మోసం చేస్తే అప్పుడు దొంగ అనండి, నేనూ మీతో గొంతు కలుపుతాను.