ఝూటీ గవాహీ అంటించొద్దు బేటా

రాజమండ్రిలో మా ఆపా కొడుకు ఓ చిన్న డబ్బా తయారు చేశాడు. రాత్రిపూట కరెంటు పోయి రొయ్యల చెరువులో ఏరేటర్లు ఆగితే అది గట్టు మీంచి షెడ్డుకి రేడియోలో ఖబర్ పంపుతుంది, రైతు ఫోన్ మోగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంటంతా తేలిపోతుంది. దాని ఖద్ర్ చెరువు ఉన్నవాడికే తెలుసు. మాషా అల్లాహ్, భీమవరం వైపు బాగానే అమ్ముడవుతోంది. ఈమధ్య స్పెయిన్‌లో చేపలు పెంచే ఒకాయన 50 డబ్బాలు అడిగాడు. వీడు ఖుషీగా వచ్చి, "మామూ, సీఈ స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో చుట్టలు చుట్టలుగా దొరుకుతున్నాయి, తెప్పించేశాను. అంటించి పంపేస్తా" అన్నాడు.

వద్దన్నాను. ఇంట్లో పెద్ద తక్రార్ అయింది.

సీఈ అంటే యూరప్ సర్కారు వేసే ముద్ర అని మనవాళ్ల గలత్‌ఫహ్మీ. రేడియో సామానుకి అక్కడ 2014/53 డైరెక్టివ్ ఉంది. దాని ప్రకారం చాలావరకు తయారుచేసినవాడే పరీక్షలు జరిపించి, ఫైలు రాసి, "దీని జిమ్మేదారీ నాది" అని డిక్లరేషన్ మీద దస్తఖత్ చేస్తాడు. ఆ ఫైలు 10 ఏళ్లు దాచాలి. గుర్తు ఆ తర్వాతే. అంటే అదొక గవాహీ. పరీక్ష లేకుండా అంటిస్తే ఝూటీ గవాహీ.

వీడి డబ్బా మన దగ్గర 865-867 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతుంది. అక్కడ లోరాకి ఎక్కువగా వాడే 868.0-868.6లో 25 మిల్లీవాట్లు దాటకూడదు. మామూలు షరతు ప్రకారం గంటలో ఒక శాతం, అంటే 36 సెకన్లే నోరు విప్పాలి. వీడిది వాగుతూనే ఉంటుంది! "లోపలి మాడ్యూల్‌కి సీఈ ఉంది కదా మామూ" అన్నాడు. మాడ్యూల్ వాడి గవాహీ మాడ్యూల్ వరకే. యాంటెన్నా మార్చింది, పక్కన చౌక పవర్ సప్లై పెట్టింది నువ్వు, జవాబు నువ్వే చెప్పాలి అన్నాను. పైగా 2025 ఆగస్టు 1 నుంచి ఇంటర్నెట్‌తో కలిసే రేడియో సామానుకి భద్రతా షరతులు కూడా వచ్చాయి. వీడి డబ్బాలన్నిటికీ పాస్‌వర్డ్ ఒకటే, 1234. యూరప్ సంగతి అలా ఉంచండి, మన రైతు చెరువుకి మాత్రం అది ఎందుకు?

డెల్టాకి ఈ సబక్ కొత్త కాదు. 2016లో యూరప్ మన చెరువుల సరుకులో పరీక్షించే వంతు 10 నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయోటిక్ కలిపింది కొందరు, నష్టపోయింది శుభ్రంగా పెంచినవాళ్లు కూడా.

అలాగని యూరప్ వాళ్లది పూర్తి ఇన్సాఫ్ అనను. 5 లక్షల ఫోన్లు చేసే కంపెనీ అయినా, 50 డబ్బాలు చేసే కుర్రాడైనా ఒక మోడల్ పరీక్షకి కట్టే ఫీజు దాదాపు ఒకటే. దానికితోడు 2021 జూలై నుంచి యూరప్‌లోనే జవాబు చెప్పే చిరునామా ఒకటి ఉండాలి. ఇది గరీబు కారీగరుకి అడ్డుగోడే. గోడ ఉందని సంతకం ఫోర్జరీ చేస్తామా?

నా షికాయత్ ఎక్కువగా మనవాళ్ల మీదే. భీమవరంలో రొయ్యలో మందు అవశేషం చూడడానికి ల్యాబులున్నాయి. రేడియో డబ్బా పట్టుకుని వీడు మాత్రం విశాఖకో హైదరాబాదుకో బెంగళూరుకో పోవాలి. మొదటిసారి ఫెయిలైతే మళ్లీ ఫీజు. కాకినాడ జేఎన్‌టీయూలో చిన్న తయారీదారుల కోసం వారానికొక రోజు ముందస్తు పరీక్షకి తలుపు తెరిస్తే సగం తప్పులు ఇంటి దగ్గరే దిద్దుకోవచ్చు. సర్కారు స్టార్టప్ సభల్లో శాలువాలు బాగానే కప్పుతుంది, ఈ పని చేస్తే చాలు.

వీడు చివరికి ఆ స్పెయిన్ ఆయనకి ఉన్నది ఉన్నట్టు రాసి మూడు నెలల మోహ్‌లత్ అడిగాడు. జవాబు ఇంకా రాలేదు. ఆర్డరు పోతుందని ఆపా నాతో మాట్లాడటం మానేసింది. స్టిక్కర్ల చుట్ట నా అల్మారాలో ఉంది.