కాకి వాలితేనే పండు పడిందా?

పిల్లలూ! తాటిచెట్టు మీద కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలి కిందపడింది. పండును కాకే రాల్చిందా? లేక, ముగ్గిన పండు తనంతట తాను రాలే వేళకే కాకి వచ్చిందా? ఇటువంటి దానినే మన పెద్దలు కాకతాళీయం అన్నారు. ఏది కాకతాళీయమో, ఏది కాదో తేల్చుకోవడానికి శాస్త్రజ్ఞులకు ఒక పద్ధతి ఉన్నది. టీ కప్పులతో చెబుతాను, వినండి.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే చోట వ్యవసాయ పరిశోధనాలయం ఉన్నది. 1920ల్లో అక్కడ రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. ఒకనాడు ఆయన మురియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రజ్ఞురాలికి టీ ఇవ్వబోయాడు. ఆమె వద్దన్నది. కప్పులో ముందు పాలు పోసి, ఆ పైన టీ పోస్తేనే ఆమెకు ఇష్టమట! ఏది ముందు పోశారో రుచిని బట్టి చెప్పగలనన్నది. ఫిషర్ నమ్మలేదు. సరే, పరీక్షించి చూద్దామనుకొన్నారు.

1935లో అచ్చయిన తన పుస్తకంలో ఫిషర్ ఈ పరీక్షను వివరించాడు. మొత్తం ఎనిమిది కప్పులు. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు. ఏ కప్పు తరవాత ఏది ఇవ్వాలో చీట్లు వేసినట్టు నిర్ణయించాలి. పాలు ముందు పోసిన నాలుగు కప్పులనూ ఆమె ఏరి చూపాలి.

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. మొదట, ఆమెకు తేడా ఏమీ తెలియదనే అనుకొందాం. దీనిని శూన్య పరికల్పన అంటారు. ఎనిమిదింటిలో నాలుగు కప్పులను ఏరడానికి 70 విధాలున్నాయి. వాటిలో పూర్తిగా సరి అయినది ఒక్కటే. కళ్ళు మూసుకొని ఏరితే అది తగలడం 70లో ఒక్కసారి మాట. అంత అరుదైనది జరిగితే, మనం మొదట అనుకొన్నదే తప్పేమోనని దానిని విడిచిపెడతాము.

మరి మూడు సరిగా చెప్పి, ఒకటి తప్పితే? 70 విధాల్లో అటువంటివి 16 ఉన్నాయి. అది గుడ్డిగా కూడా తగలవచ్చు, కాబట్టి చాలదు. అంతమాత్రాన ఆమెకు ఏమీ తెలియదని రుజువైనట్టు కాదు సుమా! మన దగ్గర చాలినంత సాక్ష్యం లేదు, అంతే. ఎన్ని సరిపోతే ఒప్పుకోవాలో పరీక్షకు ముందే నిర్ణయించుకోవాలి. తరవాత మార్చకూడదు.

ఆమె అన్ని కప్పులనూ సరిగానే చెప్పిందని చెప్పుకొంటారు. ఆమెను ఎగతాళి చేసి ఊరుకొంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు గదా!

ఫలానా అమ్మాయి ఎదురు వచ్చింది, అందుకే పరీక్ష పోయింది అని కొందరంటారు. ఆమె ఎదురు వచ్చినా మంచి మార్కులు వచ్చిన రోజులెన్ని? రాకపోయినా పరీక్ష పోయిన రోజులెన్ని? ఈ లెక్క చూడకుండా ఒక పిల్లకు అపశకునమని పేరు పెట్టడం ఎంత అన్యాయం! పాపం, కాకి మీద నింద వేసినట్టే.

ఇంట్లో ఎవరైనా ఆవుపాలకూ గేదెపాలకూ తేడా కళ్ళు మూసుకొని చెప్పగలమంటే, నవ్వకండి, వెంటనే నమ్మనూ వద్దు. ఆరు గ్లాసులు పెట్టి, మూడు ఏరమనండి. ఆరింటిలో మూడింటిని ఎన్ని విధాలుగా ఏరవచ్చునో ముందు మీరే లెక్క వేయండి!